కిరాయి తగ్గింది సరే, మిగతా లెక్క సంగతేంటి?

మేం సికింద్రాబాద్ వదిలి భువనగిరికి వచ్చేసి రెండేళ్ళు కావస్తోంది. ఈ రెండేళ్ళలో మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ మా ఆయన్ని అడిగే మాట ఒక్కటే. "రోజూ అంత దూరం ఎట్ల పోయొస్తున్నవ్?" అని. అడిగి, జాలిగా తల ఊపి, నా వైపు తిరిగి "నీకేం, హాయిగున్నది. పెద్ద ఇల్లు, ముంగట ఖాళీ జాగ, పట్నం లొల్లి లేదు" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. రైలెక్కేవాడు కనిపిస్తాడు, గేటు వేసుకుని ఇంట్లో ఉండేది కనిపించదు. అందుకే ఈ సంగతి నేనే రాద్దామనుకున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, పట్నం వదిలి రావద్దని చెప్పడానికి కాదు ఇది. వచ్చి బాగుపడ్డవాళ్ళలో మేమూ ఉన్నాం. కానీ చిన్నపిల్లలున్న కుటుంబం ఊరు మారేటప్పుడు వేసే లెక్కలో ఆడమనిషి గంటలూ, ఆడమనిషి సంపాదనా సున్నా కింద రాసేస్తారు. ఆ సున్నా తీసేసి అసలు అంకె రాశాకే సామాను లారీ ఎక్కించాలని నా అభిప్రాయం. ఎందుకో వివరంగా చెబుతాను.

భువనగిరి గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మా వాళ్ళు భోనగిరి అంటారు. పట్నానికి దాదాపు 50 కిలోమీటర్లు, వరంగల్ హైవే మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో ఉంటుంది. ఊరు నడిబొడ్డున ఒకే బండరాయి కొండ, దాని మీద చాళుక్యుల కాలం నాటి కోట. 2016 అక్టోబర్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడ్డాక ఊరికి ఆఫీసులు వచ్చాయి, వాటి వెంట కిరాయి ఇళ్ళూ, కర్రీ పాయింట్లూ, ప్రైవేటు బడులూ వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి చూస్తే టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మనుషులే. పట్నంలో పని, ఇక్కడ ఇల్లు. మా ఆయన ఆ గుంపులో ఒకడు.

మా ఆయనది బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని. మేం వారాసిగూడలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. పాపకి నాలుగేళ్ళు, బాబుకి ఏడాది. మంచం వేస్తే నడవడానికి దారి ఉండేది కాదు. ఇంటి ఓనరు ఏటా కిరాయి పెంచేవారు. పాపని బడిలో వేసే సమయం వచ్చేసరికి ఇక కుదరదని తేలిపోయింది. మా అత్తమ్మ వాళ్ళ ఊరు వలిగొండ దగ్గర. కాబట్టి భువనగిరి అయితే ఆమెకీ దగ్గర, మా ఆయనకి రైలూ ఉంటుంది. ఇంట్లో మగవాళ్ళు ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేశారు. "నెలకి పన్నెండున్నర వేలు మిగులుతయ్, ఇంక ఆలోచన ఎందుకు?" అన్నారు.

ఆ లెక్క ఇదీ. పట్నంలో కిరాయి, నీళ్ళు, మెయింటెనెన్స్ కలిపి 17,500. ఇక్కడ 7,500. అంటే 10,000 మిగులు. బడి ఫీజు, వ్యాన్ తేడా ఏడాది మొత్తం మీద నెలకి 2,500 పడుతుంది. రెండూ కలిపితే 12,500. లెక్క తప్పు కాదు. కానీ అది ఒక పేజీయే. రెండో పేజీ నేను రాశాను.

నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని చీరలకి ఫాల్, పీకో చేసేదాన్ని. బ్లౌజులు కూడా కుట్టేదాన్ని. జనరల్ బజార్‌లో చీరలు కొన్నవాళ్ళు, మా వీధివాళ్ళు, వాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళు తెచ్చి ఇచ్చేవారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎక్కువ, ఆషాఢంలో తక్కువ. సగటున నెలకి 6,500 వచ్చేది. ఇల్లు మారితే ఆ గిరాకీ నా వెంట రాదు కదా! ఎవరైనా బ్లౌజు కుట్టించుకోవడానికి 50 కిలోమీటర్లు వస్తారా? ఆ 6,500 ఆ మొదటి పేజీలో ఎక్కడా లేదు. ఎందుకు లేదంటే, దాన్ని అందరూ "చేతి ఖర్చులకి" అనేవారు. పాలవాడికి, గ్యాస్‌కి, పాప బట్టలకి, ఊరు వెళ్ళినప్పుడు పెట్టుబడులకి పోయేదంతా ఆ చేతి ఖర్చే మరి.

ఇంకో అంకె, మా ఆయన ప్రయాణం. ఇదివరకు బండికి పెట్రోలు పోసుకుని వెళ్ళేవాడు. ఇప్పుడు రైలుకి నెల పాసు. 150 కిలోమీటర్ల లోపు ఊళ్ళకి ఇచ్చే ఆ సీజన్ టికెట్ నిజంగా చవకే. కానీ రైలుతో పని అయిపోదు కదా. స్టేషన్ దగ్గర బండి పార్కింగ్, సికింద్రాబాద్‌లో దిగాక మెట్రో, రైలు తప్పిన రోజున ఉప్పల్ దాకా బస్సు, అక్కడ మళ్ళీ మెట్రో. అన్నీ కలిపితే పెట్రోలు ఖర్చు కన్నా ఒక వెయ్యి ఎక్కువే తేలింది. పెళ్ళికో, మా అమ్మని చూడటానికో, పిల్లల డాక్టరు దగ్గరికో పట్నం వెళ్ళొచ్చే ఖర్చు ఇంకో వెయ్యి. ఇప్పుడు తీసివేయండి. 12,500లో 6,500, మళ్ళీ వెయ్యి, ఇంకో వెయ్యి. మిగిలింది 4,000.

నాలుగు వేలు కూడా డబ్బే, కాదనను. కానీ పన్నెండున్నర వేల కోసం తీసుకునే నిర్ణయం వేరు, నాలుగు వేల కోసం తీసుకునే నిర్ణయం వేరు. ఆ కాగితం చూశాక మా ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి పోదామా వద్దా?" అని అడిగాడు. అంతవరకూ నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. "ఎప్పుడు పోదాం?" అనే అడిగారు గానీ.

ఇక గంటల లెక్క. పట్నంలో మా ఆయన తొమ్మిదింపావుకి బయల్దేరి రాత్రి ఏడింటికి ఇంట్లో ఉండేవాడు. ఇక్కడ పొద్దున్న ఏడుకి బయటపడితే రాత్రి ఎనిమిదిన్నర. రోజుకి మూడు గంటల ముప్పావు తేడా. నెలకి 24 రోజులు వేసుకోండి, 90 గంటలు. "పాపం, నెలకి 90 గంటలు రోడ్డు మీదనే" అని అందరూ ఆయన గురించి బాధపడతారు, నేనూ బాధపడతాను. నిలబడి ప్రయాణం చేసి వచ్చిన మనిషి కాళ్ళు ఎట్లా ఉంటాయో చూసేదాన్ని నేనే కదా.

కానీ అదే 90 గంటలు ఇంట్లో కూడా గడుస్తాయి. ఆ గంటల్లో ఇంట్లో రెండో పెద్దమనిషి లేరు. అదీ ఏ గంటలు? పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదింపావు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర. పిల్లలున్న ఇంట్లో రోజు మొత్తం మీద బరువైన గంటలు ఏవంటే అవే. పాపకి జడ వేయాలి, డబ్బా కట్టాలి, వ్యాన్ వచ్చేలోపు షూ లేసులు కట్టాలి. ఈలోపు చిన్నోడు పాలు ఒలకబోస్తాడు. సాయంత్రం హోంవర్కు, స్నానం, అన్నం, ఏడుపు, నిద్ర. పట్నంలో ఇవన్నీ ఇద్దరం చేసేవాళ్ళమని గొప్పగా చెప్పను, కానీ కనీసం ఒకరు చిన్నోణ్ణి ఎత్తుకునేవారు. ప్రయాణం చేసే మనిషికి నెలకి దాదాపు నాలుగు రోజులు పోతున్నాయని అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న మనిషికీ అవే నాలుగు రోజులు పోతున్నాయని ఎవరైనా రాసుకున్నారా?

"మేం చేయలేదా?" అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. మా అత్తమ్మే అన్నది. "మీ మామ భీవండి పోతే ఆర్నెల్లకొకసారి వచ్చెటోడు. నేను సాదలేదా ముగ్గురు పిల్లల్ని?" అని. నిజమే. నేత పనికి మా వైపు ఇళ్ళ నుంచి ఎంతోమంది భీవండి, బొంబాయి వెళ్ళారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళారు. పాలమూరు నుంచి వలస కూలీలుగా ఊళ్ళకి ఊళ్ళే కదిలాయి. భర్త దూరంగా ఉంటే ఇల్లు నడిపిన ఆడవాళ్ళు తెలంగాణలో లక్షల్లో ఉంటారు. వాళ్ళ ముందు నా 90 గంటలు ఏపాటివి?

నేను ఆమెతో వాదించలేదు. అడిగాను. "అత్తమ్మా, అప్పుడు పొద్దున్న పిల్లల్ని ఎవరు చూసెటోళ్ళు?" అని. ఆమె పేర్లు చెప్పుకుంటూ పోయింది. వాళ్ళ అత్త, తోటికోడలు, పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి పిల్ల. వాకిట్లో మగ్గం ఆడుతుంటే పిల్లలు అక్కడే ఆడుకునేవారు, ఎవరి ఇంట్లో అన్నం ఉంటే అక్కడే తినేవారు. మామ భీవండిలో ఉన్నా ఆమె ఒక్కతే లేదు. నా ఇంటికి గేటుంది, గేటుకి తాళం ఉంది, పక్కింట్లో ఎవరుంటారో వచ్చిన మూడు నెలలకి తెలిసింది. పాత కష్టం పేరు చెప్పి కొత్త కష్టాన్ని చిన్నది చేయడం న్యాయం కాదు. ఆ రోజు తర్వాత మా అత్తమ్మ మళ్ళీ ఆ మాట అనలేదు. పైగా బుధ, గురువారాలు వచ్చి ఉండటం మొదలుపెట్టింది.

చిన్న ఊరు అనగానే వచ్చే ఇంకో మాట గాలి, నీళ్ళు, తాజా కూరగాయలు. గాలి నిజంగానే మేలు. సాయంత్రం వాకిట్లో కూర్చుంటే ఊపిరి ఆడుతుంది. పిల్లలు గోడ పక్కన మట్టిలో ఆడతారు, ఆదివారం కోట మెట్లు ఎక్కుతామని గొడవ చేస్తారు. నీళ్ళూ కూరగాయల గురించి మాత్రం కళ్ళు తెరిచి మాట్లాడుకోవాలి. మాది పాత నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ పేరు వినని ఇల్లు ఆ జిల్లాలో లేదు. బోరు నీళ్ళు చూడటానికి తేటగా ఉన్నంత మాత్రాన పిల్లలకి పట్టించేయలేం. ఇక మూసీ. పట్నంలో మనం వదిలే మురుగంతా మోసుకుని ఆ నది ఇటువైపే వస్తుంది. పోచంపల్లి, బీబీనగర్, వలిగొండ మండలాల్లో ఆ నీళ్ళతోనే పొలాలు పండుతాయి. పట్నం వదిలి వచ్చాం అనుకుంటాం గానీ, పట్నం కాలువలో మన వెనకాలే వచ్చింది. కాబట్టి అంగట్లో ఆకుకూర కొనేటప్పుడు ఇది ఏ ఊరిది, ఏ నీళ్ళది అని అడుగుతాను. అడిగితే అమ్మేవాళ్ళు చెబుతారు, అది చిన్న ఊళ్ళో ఉన్న మంచి.

మనుషుల సంగతి కూడా రెండు వైపులా ఉంటుంది. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు కిరాయి ఎంతో చెప్పకముందే "మీరు ఏమోళ్ళు?" అని అడిగినవాళ్ళు ఇద్దరు. పట్నంలో అడగరని కాదు, అక్కడ కాస్త తిప్పి అడుగుతారు. ఆ రెండు ఇళ్ళూ మేం తీసుకోలేదు. ఇక్కడ ఆడమనిషి రాకపోకల మీద నాలుగు కళ్ళు ఎక్కువే ఉంటాయి. పొద్దుటి నుంచి రాత్రి దాకా భర్త ఇంట్లో ఉండడు, మిషన్ మీద బ్లౌజు కొలతకని ఎవరో వస్తూ పోతూ ఉంటారు. మొదట్లో ఆరాలు చాలానే తీశారు. అయితే అవే కళ్ళు ఒక రాత్రి పనికొచ్చాయి కూడా. చిన్నోడికి జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, ఆయన ఇంకా దారిలోనే ఉంటే, ఎదురింటి ఆమె నేను పిలవకుండానే వచ్చి పాపని తన దగ్గర పడుకోబెట్టుకుంది. పట్నంలో ఏడేళ్ళు ఉన్నాం, గోడ అవతలి వాళ్ళ పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

అందరూ మర్చిపోయే మరో సంగతి తండ్రి. పిల్లలు లేవకముందు వెళ్ళి, పడుకున్నాక వచ్చే తండ్రి కొన్నాళ్ళకి ఆదివారం చుట్టం అయిపోతాడు. ఆదివారం కూడా వారం అలసటంతా తీర్చుకోవడానికి పడుకుంటే ఆ చుట్టరికం కూడా ఉండదు. పిల్లలు నెమ్మదిగా అన్నిటికీ అమ్మనే అడగడం నేర్చుకుంటారు, ఆ తర్వాత "పిల్లలు నా మాట వినరు, నువ్వే చెడగొట్టినవ్" అనే మాట వస్తుంది. నాకు తెలిసిన రెండు మూడు ఇళ్ళలో ఇట్లాగే జరిగింది. ఇది మగవాళ్ళ మంచితనం మీద ఆధారపడే విషయం కాదు. ఎంత మంచి మనిషయినా పదమూడు గంటలు బయట ఉంటే జరిగేది ఇదే. ముందే ఏర్పాటు చేసుకుంటేనే జరగకుండా ఉంటుంది.

అందుకే "పోదామా వద్దా?" అన్న ప్రశ్నకి నేను పోదామనే చెప్పాను, నాలుగు మాటల మీద.

ఒకటి, ముందు గది నాది. అందులో మిషన్, పీకో మిషన్, బయట బోర్డు. మొదటి మూడు నెలల్లో మిగిలే డబ్బు దానికే. రెండు, నా పేరు మీద ఒక స్కూటీ, నాకు లైసెన్సు. పట్నంలో వీధి చివర ఆటో దొరుకుతుంది, ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. మూడు, పొద్దున్న అయిదున్నర నుంచి ఆరుంముప్పావు దాకా పిల్లలు ఆయన పని. లేపడం, పళ్ళు తోమించడం, స్నానాలు, పాపకి పాఠం చదివించడం అన్నీ ఆయనే. ఆ సమయంలో నేను వంటింట్లో ఉంటాను, పిలిచినా రాను. నాలుగు, ఆదివారం మధ్యాహ్నం దాకా ఆయన పడుకోవచ్చు, మధ్యాహ్నం నుంచి పిల్లలు ఆయనతో, నేను నా ఇష్టం.

నాలుగూ నూటికి నూరుపాళ్ళు నడుస్తున్నాయని చెప్పను. రైలు ఆలస్యమై పదింటికి వచ్చిన మనిషిని అయిదున్నరకి లేపడం నాకూ మనసొప్పదు. కానీ ఏర్పాటు అంటూ ఒకటి ఉంటే తప్పిన రోజున "ఇవాళ తప్పింది" అనిపిస్తుంది. లేకపోతే తప్పడమే అలవాటవుతుంది. ఇప్పుడు జడ వేయడం కూడా మా ఆయనకి వచ్చు. రెండు వంకర జడలు వేసి పంపుతాడు, పాప ఏమీ అనదు.

మిషన్ సంగతి కూడా చెప్పాలి. మొదటి నాలుగు నెలలు గిరాకీ లేదు. తర్వాత బడి దగ్గర పరిచయమైన తల్లులు, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళు మెల్లగా రావడం మొదలుపెట్టారు. ఇక్కడ నా దగ్గరికి ఫాల్‌కి వచ్చే చీరల్లో పోచంపల్లివే ఎక్కువ. ఇప్పుడు నెలకి నాలుగు, నాలుగున్నర వేల దాకా వస్తోంది. ఇంకా పాత అంకెకి చేరలేదు. దారం, ఫాల్, లైనింగ్ బట్ట తేవడానికి జనరల్ బజార్‌కే వెళ్తాను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఆ జీరో టికెట్ నాలాంటివాళ్ళకి ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. వెళ్ళిరావడానికి ఎవర్నీ డబ్బు అడగక్కర్లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. మా అమ్మని చూడాలనిపిస్తే వెళ్తాను. అయితే బస్సు ఉచితం గానీ సమయం ఉచితం కాదు. ఉప్పల్ దగ్గర ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి, ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక రోజు పట్నం వెళ్ళానంటే ఆ రోజు మొత్తం పట్నానికే రాసిచ్చేయాలి.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆలోచన నడుస్తుంటే, భువనగిరి అయినా, షాద్‌నగర్ అయినా, సంగారెడ్డి అయినా, విజయవాడవాళ్ళు తెనాలి, నూజివీడు వైపు చూస్తున్నా, నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్ళకండి. అందరూ ఆదివారమే వెళ్తారు, ఎండ బాగుంటుంది, మామిడిచెట్టు బాగుంటుంది. మంగళవారం సాయంత్రం ఆరింటికి పట్నంలో బయల్దేరి వెళ్ళండి, పిల్లల్ని తీసుకుని మరీ. ఆ ఇంటి గుమ్మంలోకి ఎన్నింటికి అడుగుపెట్టారో అదే మీ ఆయన రోజూ వచ్చే సమయం. మా వైపు అయితే ఆదివారం ఇంకో తిరకాసు, 2022లో గుట్ట గుడి తిరిగి తెరిచాక సెలవు రోజుల్లో హైవే నిండా భక్తుల బండ్లే.

రాత్రి పదింటికి పిల్లల డాక్టరు ఎక్కడ దొరుకుతారో కనుక్కోండి. జిల్లాలో పెద్ద ఆసుపత్రి ఉండటం మంచిదే, పెద్ద జబ్బులకి ధైర్యం. కానీ పిల్లలున్న ఇంటికి నెలకోసారి కావలసింది అది కాదు. ఫోన్ చేస్తే ఎత్తే ఒక డాక్టరు, తెరిచి ఉండే ఒక మందుల షాపు కావాలి. ఆ సంగతి ఇంటి ఓనర్ని కాదు, పసిపిల్లలున్న పక్కింటి తల్లిని అడగండి.

రాబోయేవాటిని నమ్ముకుని ఇల్లు మారకండి. ప్లాట్లు అమ్మేవాళ్ళు ఏ ఊరికి వెళ్ళినా రీజినల్ రింగ్ రోడ్డు పటం తెరుస్తారు. ఎంఎంటీఎస్ రైలు 2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా వచ్చింది. అక్కడి నుంచి యాదాద్రి దాకా పొడిగిస్తారన్న మాట మేం ఏళ్ళుగా వింటున్నాం. వస్తే సంతోషమే, కానీ కాగితం మీది రైలు ఎక్కి మా ఆయన బేగంపేట వెళ్ళలేడు కదా. ఈ రోజు ఉన్న రైలు, ఈ రోజు ఉన్న బస్సు చూసుకుని లెక్క వేయండి. ఉన్నవి కూడా మారుతుంటాయి. సికింద్రాబాద్ స్టేషన్ కొత్తగా కట్టే పనుల వల్ల కొన్ని రైళ్ళని చర్లపల్లికి మార్చారు. అట్లాంటప్పుడు ఇంకో దారి ఏదో ముందే తెలిసి ఉండాలి. కాబట్టి వెంటనే స్థలం కొనేయకుండా ముందు కిరాయికి ఉండి చూడటమే మేలని నేననుకుంటాను.

అన్నిటికన్నా ముఖ్యం, రెండో పేజీ మీ చేత్తో మీరు రాయండి. మీరు ఉద్యోగం చేస్తున్నా, ట్యూషన్లు చెబుతున్నా, పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నా, ఏమీ చేయకుండా ఇల్లు చూసుకుంటున్నా సరే. డబ్బు వస్తే అంకె వేయండి, డబ్బు రాకపోతే గంటలు వేయండి. "అన్నీ లెక్కలేనా, సంసారం అంటే వ్యాపారమా?" అని ఎవరో ఒకరు అంటారు. కిరాయి లెక్క వేసినప్పుడు సంసారం వ్యాపారం కాలేదు కదా, మన గంటలు వేసినప్పుడు మాత్రం ఎందుకవుతుంది? లెక్క వేసేది దెబ్బలాడటానికి కాదు, ఎవరి నడుం మీద ఎంత బరువు పడుతుందో ఇద్దరికీ తెలియడానికి.

మా కిరాయి అగ్రిమెంటు అందరిలాగే 11 నెలలది. ప్రతిసారీ సంతకం పెట్టే ముందు రెండు పేజీలూ మళ్ళీ రాసుకుంటున్నాం. మొదటిసారి రాసినప్పుడు ఉందామనే తేలింది. ఇంకో నాలుగు నెలల్లో మళ్ళీ రాయాలి. ఈసారి చిన్నోడు బడికి వెళ్తాడు, నాకు పగలు నాలుగు గంటలు దొరుకుతాయి, మిషన్ మీద ఒక అమ్మాయిని పెట్టుకుంటే పాత 6,500 దాటొచ్చని ఆశ. మా ఆయనకి మాత్రం మోకాలి నొప్పి మొదలైంది, అది ఆయన పేజీలో రాయాలి. నొప్పి పెరిగితే ఘట్‌కేసర్ వైపు జరుగుదామా అని కూడా అనుకుంటున్నాం. ఏది తేలినా ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. పట్నమైనా పల్లెయినా ఆడవాళ్ళకి ఆ మాత్రం కుర్చీ వేయాలనే నేననేది.